కొత్త నవల ఏదని అడిగితే కరిసల్ సీమ గ్రంథాలయం ఏమి చెప్పాలి?

మదురై నుంచి తిరునెల్వేలికి సాగే జాతీయ రహదారి మీద విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా వస్తాయి. మొదటి పట్టణానికీ చివరి పట్టణానికీ మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు. తమిళులు 'కరిసల్' అని పిలిచే నల్లరేగడి భూమి ఇది. వానను నమ్ముకున్న సేద్యం, అగ్గిపెట్టెల పరిశ్రమ, శివకాశి బాణసంచా, అచ్చు యంత్రాలు, నూలు మిల్లులు, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి - ఈ ప్రాంతం గురించి బయటివారికి తెలిసినది ఇంతవరకే. ఈ ఎండిన నేలలో మరొక పంట కూడా దండిగా పండుతున్నదని, దాని పేరు సాహిత్యమని తెలిసినవారు తక్కువ.

కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసేవల్ అనే ఒకే పల్లెలో, 1923లో, ఇద్దరు రచయితలు పుట్టారు. వారిలో కు. అళగిరిసామికి కథా సంపుటి 'అన్బళిప్పు'పై 1970లో మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. రెండవవారైన కి. రాజనారాయణన్‌కు 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్' నవలపై అదే గౌరవం దక్కింది. ఆ తర్వాత విరుదునగర్ జిల్లాకు చెందిన మేలాణ్మై పొన్నుసామి 2007లో కథలకు, కోవిల్‌పట్టి ప్రాంతానికి చెందిన పూమణి 2014లో 'అఞ్ఞాడి' నవలకు, విరుదునగర్ జిల్లా మల్లాంగిణరులో పుట్టిన ఎస్. రామకృష్ణన్ 2018లో 'సంచారం' నవలకు, కోవిల్‌పట్టి దగ్గర ఉరుళైకుడికి చెందిన చో. ధర్మన్ 2019లో 'సూల్' నవలకు ఈ పురస్కారాన్ని అందుకున్నారు. రెండు పట్టణాల చుట్టుపక్కల నుంచి ఆరు పురస్కారాలు. అందులో నాలుగు నవలలు. దేశంలో ఇంత చిన్న ప్రాంతానికి ఇంతటి పంట దక్కడం అరుదు.

ఇన్ని నవలలు పుట్టిన చోట, ఒక సామాన్య పాఠకుడు గ్రంథాలయంలోకి వెళ్ళి "కొత్తగా వచ్చిన నవల ఏదైనా ఉందా?" అని అడిగితే ఏమి జవాబు వస్తుంది? ఆ జవాబు చెప్పవలసిన వ్యక్తికి అందుకు తగిన సాధనాలు ఉన్నాయా? అడిగిన వ్యక్తి ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళం మాత్రమే చదవగలిగినవాడైతే ఆ జవాబు ఎలా ఉండాలి? పైకి చిన్నవిగా కనిపించే ఈ ప్రశ్నలలో ఒక ప్రాంతపు పఠన సంస్కృతి, ఒక భాషా సమాజపు భవిష్యత్తు ఇమిడి ఉన్నాయి.

చట్టం ఉంది, ఎంపిక లేదు

గ్రంథాలయ చట్టం విషయంలో తమిళనాడు దేశానికే అగ్రజ. ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఫలితంగా 1948లో వచ్చిన మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం స్వతంత్ర భారతంలో ఈ తరహా చట్టాలలో మొదటిది. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర చట్టం 1960లో వచ్చింది. రెండు చోట్లా ఆర్థిక పునాది ఒక్కటే: ఆస్తి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు. తమిళనాడులో రూపాయికి 10 పైసలు, ఆంధ్రప్రదేశ్‌లో 8 పైసలు. వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో గ్రంథాలయాలకు జమచేయవన్నది రెండు రాష్ట్రాలలోనూ పాత ఫిర్యాదే. అంటే ఇల్లున్న ప్రతి కుటుంబమూ పుస్తకానికి ముందుగానే వెల చెల్లిస్తున్నది. ఏ పుస్తకం రావాలన్న మాటలో మాత్రం ఆ కుటుంబానికి గానీ, దానికి ఎదురుగా కూర్చున్న గ్రంథపాలకునికి గానీ పెద్దగా పాత్ర లేదు.

కొనుగోళ్ళు ప్రధానంగా రాష్ట్రస్థాయిలో జరుగుతాయి. ప్రచురణకర్తలు దరఖాస్తు చేసుకుంటారు, ఎంపిక సంఘం జాబితా సిద్ధం చేస్తుంది, ఆర్డర్లు వెలువడతాయి, ఆపైన కట్టలు జిల్లాలకు చేరతాయి. ఈ క్రమంలో ఏడాదో రెండేళ్ళో గడిచిపోవడం మామూలు. అప్పటికి పట్టణంలో ఆసక్తి గలవారు ఆ నవలను కొని చదివేసి ఉంటారు, లేదా దాని మాటే మరచి ఉంటారు. కొనుగోలును ఆన్‌లైన్‌కు మార్చి పారదర్శకం చేయడానికి తమిళనాడు ప్రభుత్వం ఇటీవల చేసిన ప్రయత్నం ఆహ్వానించదగినదే. అయితే పారదర్శకత వేరు, పాఠకుని దగ్గర నుంచి మొదలయ్యే ఎంపిక వేరు. పై నుంచి కిందికి వచ్చే జాబితా ఎంత నిజాయితీగా తయారైనా, విరుదునగర్ పాఠకునికి ఏమి కావాలో దానికి తెలిసే అవకాశం తక్కువ.

పరిపాలనా సరిహద్దు మరొక చిక్కు. విరుదునగర్ జిల్లా 1985లో రామనాథపురం నుంచి విడివడింది. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లా 1986లో తిరునెల్వేలి నుంచి ఏర్పడింది. సాహిత్యపరంగా ఒకటే అయిన కరిసల్ సీమ గ్రంథాలయ పరంగా రెండు జిల్లా అధికార సంస్థల కిందికి వెళ్ళింది. 'సూల్' కథ నడిచే ఊరు ఒక జిల్లాలో, 'సంచారం' రచయిత పుట్టిన ఊరు మరొక జిల్లాలో. పాఠకునికి ఈ తేడా లేదు. పుస్తకాల కట్టకు మాత్రం ఉంది.

పఠన మందిరంలో ఎవరున్నారు?

నేటి జిల్లా కేంద్ర గ్రంథాలయాలలో ఉదయం నుంచి బల్లలు నిండి ఉంటాయి. అక్కడ కూర్చున్నవారిలో అధికులు ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న యువతీయువకులు. ఈ దృశ్యం తెలుగు రాష్ట్రాలకూ కొత్త కాదు. వారి అవసరం న్యాయమైనదే, పేద ఇంటి పిల్లలకు గ్రంథాలయం తప్ప నిశ్శబ్దమైన చోటు దొరకదు. అయితే దీని ఫలితంగా గ్రంథపాలకుని పని కుర్చీలకు, గైడు పుస్తకాలకు కాపలా కాయడంగా కుదించుకుపోయింది. నవల అడిగే పాఠకుడు ఆ మందిరంలో అతిథి అయ్యాడు.

ఇక రానివారి సంగతి మరీ ముఖ్యం. అగ్గిపెట్టెల పరిశ్రమలో పనిచేసేవారిలో మహిళలే అధికం. గ్రంథాలయం తెరచి ఉండే వేళలు, వారి పనివేళలు చాలావరకు ఒక్కటే. ఒక తరం కిందటి తమిళ, తెలుగు మహిళలు నవలకు దగ్గరైనది ప్రభుత్వ గ్రంథాలయాల కంటే వారపత్రికల ధారావాహికల ద్వారా, వీధి చివర అద్దె పుస్తకాల కొట్ల ద్వారానే. ఆ కొట్టు యజమానికి డిగ్రీ లేకపోయినా ఎవరికి ఏది నచ్చుతుందో తెలిసేది. తెలుగులో నెలకొక నవల అందించిన 'చతుర' 1978లో మొదలై 2021లో ఆగిపోయింది. అద్దె కొట్లు అంతకు ముందే మూతపడ్డాయి. "ఇది చదవండమ్మా, బాగుంటుంది" అని చెప్పే మనిషి వీధిలో లేకుండా పోయాడు. ఆ ఖాళీని పూరించవలసిన బాధ్యత సహజంగానే ప్రభుత్వ గ్రంథాలయం మీద పడింది. అది ఇంకా ఆ బాధ్యతను గుర్తించినట్లు కనిపించదు.

ఇంటి భాష తెలుగు, చదువు భాష తమిళం

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా పేర్కొన్నవారు సుమారు 42 లక్షల మంది, అంటే రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. కరిసల్ పల్లెలలో వీరి నివాసం శతాబ్దాల నాటిది. విరుదునగర్ జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'కు కథాస్థలం. అదే జిల్లాలోని రాజపాళయం 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా స్వస్థలం. ఇంతటి చరిత్ర ఉన్నా, నేడు ఈ ప్రాంతపు తెలుగువారిలో తెలుగు లిపి చదవగలిగినవారు కొద్దిమందే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒక్కొక్క తరగతిగా తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2015-16 విద్యాసంవత్సరానికి పదవ తరగతి దాకా చేరింది. అయితే ఈ ప్రాంతంలో లిపి దూరం కావడం అంతకన్నా ఎంతో పాత కథ.

కి. రాజనారాయణన్ జీవితమే ఇందుకు నిదర్శనం. ఆయన ఇంటి భాష తెలుగు, రాత భాష తమిళం. తెలుగు నేల నుంచి తరలివెళ్ళి, అడవి కొట్టి ఊరు కట్టుకున్న కుటుంబాల గాథను ఆయన 1976లో 'గోపల్ల గ్రామం'గా రాశారు. దాని కొనసాగింపునకే 1991 నాటి అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగువారి వలసను గురించిన అత్యుత్తమ నవలలలో ఒకటి తమిళంలో పుట్టిందన్న మాట. 2021 మే నెలలో ఆయన మరణించినప్పుడు తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో వీడ్కోలు పలికింది. సరిహద్దుకు ఇవతల ఆయన ఎవరో తెలిసిన తెలుగు పాఠకులు ఎందరు?

ఇక్కడ గ్రంథపాలకుని ముందు ఒక విచిత్రమైన సమస్య నిలుస్తుంది. తెలుగు పాఠకుడని తెలిసి తెలుగు పుస్తకం చేతికిస్తే అతడు చదవలేడు. తమిళ నవల ఇస్తే చదువుతాడు, కానీ తన ఇంటి భాషలో నేడు ఏమి రాస్తున్నారో ఎన్నటికీ తెలియదు. దీనికి మార్గం అనువాదం, శ్రవణం. తెలుగు నవలల తమిళ అనువాదాలను ఒకచోట పెట్టి వాటి వివరాలు తెలియజేయడం ఒకటి. లిపి రానివారికి తెలుగు నవలను చదివి వినిపించే కూడిక ఏర్పాటు చేయడం రెండవది. తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి సన్మానాలపై వెచ్చించే ధనంలో కొంత భాగం దీనికి మళ్ళితే చాలు.

సిఫారసు అంటే ఏమిటి?

ప్రతి పాఠకునికీ అతని పుస్తకం ఉంటుందని, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని రంగనాథన్ 1931లోనే తన అయిదు సూత్రాలలో చేర్చారు. సిఫారసు చేయడమంటే ఈ ఇద్దరినీ కలపడం. అమ్ముడుపోయిన ప్రతుల సంఖ్యో, ప్రకటనో చేయలేని పని అది. పుస్తకమూ మనిషీ ఇద్దరూ తెలిసినవారు మాత్రమే చేయగలరు.

ఉదాహరణకు 2019నే తీసుకోవచ్చు. ఆ ఏడాది తమిళంలో పురస్కారం పొందిన 'సూల్' ఒక పల్లె చెరువు చుట్టూ అల్లుకున్న నవల. రాసినవారు నూలు మిల్లులో కార్మికుడిగా పనిచేసిన చో. ధర్మన్. అదే ఏడాది తెలుగులో పురస్కారం పొందినది బండి నారాయణస్వామి రాసిన 'శప్తభూమి', రాయలసీమ చరిత్రను తవ్విన నవల. రెండూ కరవు నేల నుంచి వచ్చినవే, రెండింటిలోనూ కింది కులాల జీవితం ప్రధానమైనదే. ఒకటి నచ్చిన పాఠకునికి రెండవదాన్ని పరిచయం చేయడం కోవిల్‌పట్టిలోనూ అనంతపురంలోనూ సమానంగా సార్థకమైన సిఫారసు. 2014లోనూ ఇటువంటి యోగమే కలిసింది. తమిళంలో కళుగుమలై, శివకాశి అల్లర్ల నేపథ్యం గల పూమణి నవలకు, తెలుగులో రాచపాళెం చంద్రశేఖరరెడ్డి విమర్శ గ్రంథం 'మన నవలలు - మన కథానికలు'కు పురస్కారాలు వచ్చాయి. రెండవది ఏది చదవాలో ఎంచుకోవడానికి ఏ గ్రంథపాలకునికైనా తోడ్పడే పుస్తకం.

సినిమా తలుపు కూడా తెరచే ఉంది. పూమణి 1982లో రాసిన 'వెక్కై' నవల 2019లో 'అసురన్'గా, అది 2021లో తెలుగులో 'నారప్ప'గా తెరకెక్కాయి. లక్షలాది మంది చూసిన కథకు మూలం ఒక చిన్న నవల అని ఆ వారంలోనే గ్రంథాలయం ముందు ఒక బోర్డు పెట్టి ఉంటే, వచ్చిన కొత్త పాఠకులలో కొందరైనా నిలిచేవారు. సిఫారసుకు సమయం ముఖ్యం.

విదేశాలలో ఈ పని వ్యవస్థీకృతమైంది. అమెరికాలో 2013 సెప్టెంబరులో మొదలైన 'లైబ్రరీరీడ్స్' అనే ఏర్పాటులో ప్రజా గ్రంథాలయాల సిబ్బంది ఇంకా విడుదల కాని పుస్తకాలను ముందస్తు ప్రతులలో చదివి, తమకు నచ్చినవాటికి ఓటు వేసి, నెలనెలా జాబితా ప్రకటిస్తారు. ఐర్లండులోని డబ్లిన్ నగరం ఇచ్చే అంతర్జాతీయ సాహిత్య పురస్కారానికి 1996లో తొలి బహుమతి నాటి నుంచీ ప్రపంచ గ్రంథాలయాలే నవలలను ప్రతిపాదిస్తున్నాయి. అక్కడ గ్రంథపాలకుని మాటకు విలువ ఉండటానికి కారణం అతడు చదివాడన్న నమ్మకం. మన ప్రచురణకర్తలు గ్రంథాలయాలకు ముందస్తు ప్రతులు పంపే అలవాటు చేసుకోలేదు. ఆ అలవాటు వచ్చేదాకా ఒక నియమం పాటించడం మేలు: చదివిన నవలను 'సిఫారసు' అనాలి, రాబోయే నవలను 'సమాచారం' అనాలి. రెండింటినీ కలిపేస్తే గ్రంథాలయం ప్రచురణకర్తల ప్రకటనల పలకగా మారిపోతుంది.

డబ్బు లేకుండా చేయగలిగినవి

రాబోయే నవలల సంగతి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. తమిళ ప్రచురణ ప్రపంచం జనవరిలో జరిగే చెన్నై పుస్తక ప్రదర్శన చుట్టూ తిరుగుతుంది. తెలుగు ప్రచురణలు డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాదు, జనవరి ఆరంభంలో జరిగే విజయవాడ ప్రదర్శనల కోసం సిద్ధమవుతాయి. కనుక శీతాకాలం మొదట్లోనే ప్రచురణకర్తల ప్రకటనలు వెలువడతాయి. వాటిని ఏరి ఒక పుటలో రాసి గ్రంథాలయ ద్వారం దగ్గర అంటించడానికి ఒక పూట చాలు. 2022 నుంచి తమిళనాడు ప్రభుత్వం జిల్లాలన్నింటిలో పుస్తక ప్రదర్శనలు జరిపించే విధానం చేపట్టింది. విరుదునగర్‌లోనూ ఆ ఏడాదే మొదలైంది. ఆ ప్రదర్శనలో జిల్లా గ్రంథపాలకులు తాము చదివిన పది నవలల జాబితాతో ఒక బల్ల వేసుకుని కూర్చుంటే, అది ఏ వేదిక మీది ఉపన్యాసానికీ తీసిపోదు.

తమిళ గ్రంథాలయాలకు అనుబంధంగా 'వాసగర్ వట్టం' అనే పాఠక బృందాలు ఉన్నాయి. ఇవి చాలాచోట్ల జయంతులు, సన్మానాల సంఘాలుగా మిగిలాయి. నెలకొక కొత్త నవలపై ఒక గంట మాట్లాడుకునే నియమం పెట్టుకుంటే గ్రంథపాలకుని భారం సగం తగ్గుతుంది. పాఠకులు కోరిన పుస్తకాల పేర్లు రాసే పుస్తకం ఎలాగూ ఉంటుంది. అందులోని పేర్లను ఏటా ఎంపిక సంఘానికి పంపితే, ఏమి అడిగారు, ఏమి వచ్చింది అన్నది లెక్కతో సహా తేలుతుంది. ఆ లెక్క లేనంతకాలం పాఠకుని కోరిక గాలిలో మాటగానే ఉండిపోతుంది.

ఆంధ్రదేశానికి ఇవేమీ కొత్త విద్యలు కావు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పుడు, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసినప్పుడు ఉద్యమకారులకు జీతాలూ లేవు, సెస్సూ లేదు. 1935లో పాతూరి నాగభూషణం ప్రభృతులు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊళ్ళకు తీసుకెళ్ళారు. తమిళ నేలలో 1931లోనే మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి గ్రంథాలయం కదిలింది. పుస్తకంతో పాటు దాని గురించి చెప్పే మనిషి కూడా ఆ పడవలో, ఆ బండిలో వెళ్ళాడన్నది మరువరాని విషయం.

ఒక జాగ్రత్త

సిఫారసులో ప్రమాదం లేకపోలేదు. సిఫారసు చేసేవాని ఇష్టాయిష్టాలు, పట్టణంలోని పెద్దల ఒత్తిడి, కులాభిమానం జాబితాలోకి జొరబడవచ్చు. కరిసల్ తెలుగువారనగానే నాయుళ్ళు, రెడ్లు, రాజులు గుర్తుకు వస్తారు. తెలుగు సంఘాల వేదికలూ వారివే. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఆ లెక్కలో తరచు కనిపించరు. పూమణి 1979లో రాసిన 'పిఱగు' నవల చెప్పులు కుట్టే అళగిరి అనే మనిషి జీవితం. వలస వచ్చి ఊరు కట్టినవారి గాథను ఇచ్చే చేయి, ఆ ఊరి చివర బతికినవాని గాథను కూడా ఇవ్వాలి. ఒకటి చదివి గర్వించిన పాఠకుడు రెండవది చదివి ఆలోచనలో పడితే గ్రంథాలయం తన పని చేసినట్లు. కొందరికి నచ్చని నవలను అల్మరా వెనుకకు నెట్టడం కన్నా, భిన్నమైన రెండు నవలలను పక్కపక్కన పెట్టడం నిష్పాక్షికతకు మంచి మార్గం.

ఇడైసేవల్‌లో బడి చదువు మధ్యలోనే ముగించిన కి. రాజనారాయణన్‌ను చదువరిగా తీర్చినది మిత్రుల మాట, చేతులు మారిన పుస్తకాలు, రసికమణి టి.కె.సి. వంటి పెద్దల సాంగత్యం. అటువంటి మిత్రుడు అందరికీ దొరకడు. దొరకనివారి కోసమే ప్రజల పన్నుతో గ్రంథాలయం నడుస్తున్నది. మదురైలో 2023 జులైలో ప్రారంభమైన కలైజ్ఞర్ శతజయంతి గ్రంథాలయం వంటి భారీ భవనాలు ఆనందదాయకమే. అయితే కోవిల్‌పట్టి శాఖలో ఒక గ్రంథపాలకుడు ఒక కొత్త నవలను తానే చదివి, దాని పాఠకుణ్ణి వెదికి చేతికివ్వడం అంతకు తక్కువ సేవ కాదు. ఆ పనికి వేళను, గౌరవాన్ని కల్పించడం తమిళనాడు ప్రభుత్వ బాధ్యత. అవతల ఏ నవలలు పుడుతున్నాయో కనుక్కుని వాటి అనువాదాలను తమ అల్మరాలలో చేర్చడం చిత్తూరు నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న జిల్లా గ్రంథాలయ సంస్థల బాధ్యత. లేకుంటే ఒకే నల్లరేగడి, ఒకే ఇంటి భాష గల రెండు జనసమూహాలు ఒకరి నవల ఒకరికి తెలియకుండానే మరొక తరాన్ని గడిపేస్తాయి.